పదో చేప

మార్చి 9, ఆదివారం

ఈరోజు సుందరరాజు మామ మీద అరిచాను. తప్పు నాది కాదు.

ప్రార్థన అయ్యాక చేపల సంఘం మీటింగు చర్చి వరండాలోనే పెట్టారు. ముప్పయ్యొక్క పుట్టి ఉన్న సంఘం, ఒక్కో గుండ్రటి బుట్టపడవకు ఒక్కో కార్డు. మామ, అంటే మా అమ్మ అన్న, ఇరవై ఏళ్లుగా ప్రెసిడెంటు. నేను నిరుటి నుంచి సెక్రటరీని. చదువుకున్న పిల్లోడని నన్ను పెట్టారు. డిగ్రీ రెండో ఏడాదిలోనే మానేశానన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

లేచి కరపత్రం చదివాను. తీరం నుంచి వచ్చినవాళ్లు నంద్యాలలో సభ పెట్టి పంచారే, అది. నాలుగు పేజీలు. ఇప్పటికి నలభైసార్లు చదివి ఉంటాను. గీతలు గీసి గీసి కాగితం చిరిగేలా ఉంది. సముద్రంలో చేపలు ఎలా తరిగిపోయాయో, పడవకు ఇంత అని హద్దు పెట్టుకుని, గుడ్లు పెట్టే రెండు నెలలు వల ముట్టకుండా ఉంటే మళ్లీ ఎలా పెరుగుతాయో అందులో ఉంది. మా చెరువు కథా అదే. చిన్నప్పుడు మామ పుట్టిలో నా తొడంత కొరమీనులు చూశాను. ఇప్పుడు మూరెడుది పడితే ఊరంతా చెప్పుకుంటున్నారు.

అందుకే తీర్మానం పెట్టాను. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చెరువులో ఎవరూ వల వేయకూడదు. ఆ తర్వాత పుట్టికి రోజుకు పది కిలోలే. తప్పినవాళ్ల కార్డు ఏడాది రద్దు.

మామ గొంతు సవరించుకున్నాడు. "అవి సముద్రం తేదీలు గదరా కిరణూ. మన చెరువు అట్ల కాదు. ఎండాకాలంలో ఈడ..."

పూర్తి చేయనివ్వలేదు. "చెరువును ఖాళీ చేసింది మీ వయసువాళ్లే. బాగు చేస్తామంటే అడ్డం పడేదీ మీరే!" అన్నాను.

మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. సెక్రటరీ చెప్పినట్టే కానీయండి" అన్నాడు. ఆయన చెయ్యి ఎత్తాక మిగతా చేతులు లేచాయి.

నాయన పోయినప్పుడు నాకు పదిహేడేళ్లు. పుట్టి తిప్పడం నేర్పింది మామే. వారం రోజులు నా వెనక కూర్చుని, నా చేతుల మీద చేతులు వేసి తెడ్డు తిప్పించాడు. అది వేరే సంగతి. ఇది సిద్ధాంతం.

మార్చి 11

తీర్మానాన్ని అట్ట మీద లూదియా చేత రాయించాను. మామ కూతురు. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి చెబుతుంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కాబట్టి అడిగాను. వేరే కారణం లేదు.

"బావా, 'నిషేధం' అని ఇంత లావుగా రాయాల్నా? చేపలు గూడా చదువుకుంటాయా?"

"రాయి."

"మా నాయన మీద అరిచినావంట."

"అరవలేదు. గట్టిగా చెప్పాను."

"మా ఇంటి దాంక వినపడింది."

అయినా రాసిచ్చింది. అట్ట ఆరేదాకా ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆమె చూపుడువేలికి నీలం సిరా అంటింది. నోటితో తడి చేసి రుద్దుకుంది, పోలేదు.

ఇది రాసుకోవలసిన సంగతి కాదు.

ఏప్రిల్ 15

మొదటి రోజు. నీళ్ల మీద ఒక్క పుట్టి లేదు! ముప్పయ్యొక్కటీ కట్ట మీద బోర్లించి ఉన్నాయి, ఎండకు వచ్చిన తాబేళ్లలాగా. రెండుసార్లు లెక్కపెట్టాను. కళ్లు చెమర్చాయి. కరపత్రం రాసినవాళ్లు దీన్ని చూడాలి.

నంద్యాల నుంచి ఐసు పెట్టెలతో ఆటో వేసుకొచ్చే ఇంతియాజ్ అన్న అలవాటు కొద్దీ వచ్చాడు. మా చేప మొత్తం కొనేది ఆయనే. ఖాళీ కట్టను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం సముద్రం! ఈ రెండు నెలలు ఈ ఐసుతో నేనేం చేయాల? సోడా బండి పెట్టుకోమంటావా?"

ఊళ్లో ఇప్పుడు నా పేరు సముద్రం. పెట్టుకోనీ. మంచి పేరే.

ఏప్రిల్ 20, ఈస్టరు

మా అమ్మ దానమ్మ కోడికూర చేసింది. ఈస్టరు నాడు మా ఇంట్లో చేపల పులుసు లేకపోవడం ఇదే మొదటిసారి. ప్రార్థన అవగానే చర్చి ముందు నిలవకుండా అందరూ ఇళ్లకు పోయారు. సంఘంలో ముగ్గురు నంద్యాలకు బేల్దారి పనికి వెళ్లిపోయారు. పుట్టి తిప్పిన చేతులతో ఇటుకలు మోస్తున్నారట.

త్యాగం లేకుండా ఏదీ రాదు.

మే 4

ఎండ. చెరువు కుదించుకుపోయింది. మధ్యలో పెద్ద మడుగు ఒకటే మిగిలింది. అంచుల్లో గుంతలు విడిపోయి ఎక్కడికక్కడ ఎండుతున్నాయి. గుంతల్లో చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి మింగుతున్నాయి. చుట్టూ కొంగలు వరస కట్టాయి.

"ఆ గుంతల్లో చేపలు సచ్చిపోతాండాయిరా. కొంగలకు పెండ్లి భోజనాలు పెట్టినావు" అంది అమ్మ.

"నిషేధమంటే నిషేధం, అమ్మా. ఒకరికి సందిస్తే అందరూ దూరతారు."

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చాట తీసుకుని లోపలికి పోయింది.

గాలి ఇటు తిరిగితే కుళ్లిన వాసన. ఎండాకాలంలో ఏటా ఇంతే అనుకుంటాను.

ఏటా ఇంతేనా? ఈ వాసన ఇదివరకు ఉన్నట్టు గుర్తు లేదు.

మే 13

జరిగింది జరిగినట్టు రాయాలి.

తెల్లవారుతుంటే కట్ట మీద కాపలా తిరుగుతున్నాను. తూర్పు గుంతలో ఎవరో మోకాలి లోతు బురదలో వంగి ఉన్నారు. గట్టు మీద రెండు కడవలు. దొరికాడు దొంగ అని పరుగెత్తాను.

దొంగ కాదు. మామ.

చేతిలో వల. కడవల్లో నీళ్లు, ఆ నీళ్లలో కొరమీనులు, ప్రాణంతో. నంద్యాలలో ప్రాణంతో ఉన్న కొరమీనుకు గిరాకీ ఎక్కువ. అందుకే నీళ్లలో వేశాడు. మొలలో ఆయన భార్య ప్రమీలత్త బట్టలు కుట్టే కత్తెర కూడా దోపుకుని ఉన్నాడు. చిక్కుపడిన వల కోయడానికేమో.

నన్ను చూసి దాక్కోలేదు, బెదరలేదు. "బిరీన రారా, ఆ కడవ పట్టుకో. ఎండెక్కితే సచ్చిపోతాయి" అన్నాడు. నన్ను కూడా దొంగతనంలో కలుపుకోవాలని చూశాడు!

ఏం అరిచానో గుర్తు లేదు. వల లాక్కున్నాను, చిరిగింది. ఒక కడవ ఒరిగి చేపలు బురదలో పడ్డాయి. కాలు తగిలింది. నేను తన్నలేదు.

మామ ఆ చేపలను చూశాడు. నన్ను చూశాడు. వంగి ఒకటి తీయబోయి, ఎందుకో ఆగిపోయి, కాళ్లు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు. రెండో కడవను నేనే ఆ గుంతలోనే గుమ్మరించాను. పట్టినచోటే వదలడం న్యాయం.

మే 14

చర్చి వరండాలో మీటింగు. ప్రెసిడెంటైనా సరే, రూలు ఒకటే అన్నాను. నా గొంతు స్థిరంగానే ఉంది.

"చెప్పప్పా సుందరరాజూ, ఏం జరిగినాది?" అని జీవమ్మ పిన్ని అడిగింది. భర్త పోయాక ఆయన పుట్టిని తనే తిప్పుకుంటున్న మనిషి. ఎవరినైనా మొహం మీదే అడుగుతుంది.

"సెక్రటరీ చూసినాడు గదా. చూసినోన్నే అడగండి" అన్నాడు మామ.

నేను చూసింది చెప్పాను. వల, కడవలు, చేపలు. మామ జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ల కార్డు, మూలలు అరిగి మెత్తబడి ఉంది. దాన్ని నేనే ఫైల్లో పెట్టాను.

ఏడాది దాకా ఆయన వల వేయకూడదు.

మే 15

నేను చేసింది సరైనదే.

మే 17

సరైనదే.

మే 21

అమ్మ వారం తర్వాత నోరు తెరిచింది. "మా అన్న దొంగ కాదురా." అంతే. నేను లేచి అరిచేసరికి మళ్లీ నోరు మూసుకుంది. నాకు అరుపు ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. నాయనకూ అంతే.

మే 26

ఆళ్లగడ్డ బస్టాండులో లూదియా కనిపించింది. శిరివెళ్ల బస్సు కోసం నిలబడి ఉంది. చేతిలో వేసవి ట్యూషను పిల్లల నోటుపుస్తకాల కట్ట. నేను దగ్గరికి పోతే పక్కకు జరిగింది.

"రూలు నేను ఒక్కడినే పెట్టలేదు" అన్నాను.

"నేనేమన్నా అంటినా?"

"మరి మాట్లాడవేం?"

అప్పుడు నా వైపు తిరిగింది. ఏడ్చి ఏడ్చి ఆరిన కళ్లు. "నువ్వు అడగలేదు బావా. ఆ పొద్దు మా నాయన్ను ఏం చేస్తాండావని ఒక్క మాట అడగలేదు."

"నాకు కనిపించింది కదా!"

బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకాలు ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలేదాకా వాటినే చూసింది.

మామ రోజూ సాయంత్రం కట్ట మీదికి వచ్చి, బోర్లించిన తన పుట్టి పక్కన కూర్చుంటున్నాడని ఇంతియాజ్ అన్న చెప్పాడు. నాకు తెలుసు. నేను ఆ టైముకు కట్ట అవతలి వైపు కాపలా పెట్టుకున్నాను.

జూన్ 10

వాన! నల్లమల వైపు నుంచి ఉదయమంతా ఉరుములు. మధ్యాహ్నానికి వాగు ఎర్రగా దిగింది. ఎండిన గుంతలన్నీ మళ్లీ ఒకటయ్యాయి. పిల్లలూ పెద్దలూ కట్ట మీద నిలబడి చూశారు. ఇంకో నాలుగు రోజులు ఆగితే నిషేధం పూర్తవుతుంది.

గెలిచామనే అనుకుంటున్నాను.

జూన్ 16, సోమవారం

గెలిచాం!!

నిన్న ఆదివారం కాబట్టి ఎవరూ దిగలేదు. ఈరోజు తెల్లవారకముందే ముప్పై పుట్లు నీళ్ల మీద ఉన్నాయి. మామది తప్ప. వాగు చెరువులో కలిసేచోట వల వేస్తే చాలు, చేపలు ఎదురెక్కి వస్తున్నాయి. ఒక గంటలో అందరి పది కిలోలూ నిండిపోయాయి. మూరెడేసి కొరమీనులు! ఎన్నేళ్లయింది ఇవి చూసి! బేల్దారి పనికి పోయినవాళ్లు కూడా తిరిగి వచ్చారు.

ఇంతియాజ్ అన్న నన్ను ఎత్తి ఆటో మీద నిలబెట్టాడు. "సముద్రానికి జై!" అన్నాడు. అందరూ అన్నారు. జీవమ్మ పిన్ని నా బుగ్గలు రెండూ పుణికి మెటికలు విరిచింది. "నిన్ను శానా తిట్టుకున్యారా రెండు నెలలు. మర్చిపో."

మామ కట్ట మీద లేడు. ఉంటే బాగుండేది. ఉంటే చూసేవాడు.

అదే రోజు, మధ్యాహ్నం

అమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని, మా పది కిలోల్లో ఇంటికి తెచ్చిన నాలుగు చేపలు కోస్తోంది. మొదటిది కోసింది. లోపల నిండా గుడ్లు, పచ్చగా, పిడికెడు సంచి.

రెండోది కోసింది. గుడ్లు.

మూడోది. గుడ్లు.

"అన్నీ ఇట్లనే ఉంటాయా అమ్మా?"

"తొలి వానకు ఎదురెక్కేది ఎందుకురా మరి? షికారుకా? గుడ్లు పెట్టనీకే పోతాండాయి."

ముప్పై పుట్లు. పుట్టికి పది కిలోలు.

అమ్మ నాలుగోదాన్ని కత్తిపీట మీదికి ఎత్తి ఆగిపోయింది. దాని తోక పట్టుకుని చూసింది. తోక కొసన మూడు మూలల చిన్న గాటు. ఎవరో కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది. అమ్మ ఆ చేపను కోయలేదు. పళ్లెంలో పెట్టి, పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా అన్న గాటు" అంది.

అప్పుడు చెప్పింది. మామ తన పుట్టిలో పడిన ప్రతి పదో చేపను తిరిగి నీళ్లకు వదిలేస్తాడు. దేవుని దశమభాగం. మళ్లీ తన వలలో పడితే గుర్తుపట్టి వదలడానికి తోకకు గాటు పెడతాడు. ఎండాకాలంలో గుంతలు విడిపోయినప్పుడు వాటిలో చిక్కినవాటిని కడవల్లో మోసి పెద్ద మడుగులో వేస్తాడు. వాటికీ గాటే. నాకు ఊహ తెలియకముందు నుంచీ.

"సంఘంలో ఎవరికీ తెలీదా?"

"దేవునికి ఇచ్చేదానికి మైకెందుకు అంటాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలుసనుకున్యారా. చిన్నప్పుడు ఆయన పుట్టిలోనే గదా పెరిగినావు. తెలిసీ, రూలంటే రూలని చేసినావనుకున్యా." పళ్లెం పక్కకు జరిపింది. "అందుకే నీతో మాట్లాడబుద్ధి కాలేదు."

జూన్ 17

కరపత్రం మళ్లీ చదివాను. నాలుగో పేజీ అడుగున, అచ్చువేసినవాళ్ల చిరునామాకు పైన, ఒక వాక్యం ఉంది. "ఈ తేదీలు మా తీరానికి చెందినవి, మీ నీళ్లలో చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో మీ పెద్ద మత్స్యకారులను అడిగి నిర్ణయించుకోండి."

దాదాపు అన్ని వాక్యాల కిందా గీత ఉంది. దాని కింద లేదు.

జూన్ 18

మే 13న రాసింది అబద్ధం. కడవను నేను తన్నాను.

జూన్ 19

మామ ఇంటికి పోయాను. మూడుసార్లు సందు చివర దాకా పోయి వెనక్కి వచ్చాను. నాలుగోసారి ప్రమీలత్త చూసింది. "సందును కొలుస్తాండావా ఏంది? లోపలికి రా" అంది.

మామ వసారాలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. నేను చింపిన వల. తల ఎత్తలేదు.

ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకున్నాను. సిద్ధాంతం, ఆత్మవిమర్శ, అలాంటి మాటలు పోగు చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. అడిగాను.

"ఆ కడవలో ఎన్ని ఉండె మామా?"

చెయ్యి ఆగింది. "ఏడు."

"ఒక్కటైనా..."

"సాయంత్రం పోయి చూస్తి. లేదు."

"నేను కావాలనే తన్నాను."

"తెలుసురా. నీ కాలు నాకు తెలీదా? దానికి నడక నేర్పినప్పుడు నేనూ ఉన్యా."

అప్పుడు ఏడ్చాను. ఇరవై మూడేళ్లవాణ్ణి, సంఘం సెక్రటరీని, కట్టెల మోపు పక్కన గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా. మామ వల పక్కన పెట్టలేదు. అల్లుతూనే ఉన్నాడు. కానీ కాలు చాపి పాదాన్ని నా పాదానికి ఆనించాడు. తీయలేదు.

"ఎందుకు చెప్పలేదు మామా? మీటింగులో అంతమంది ముందర? ఒక్క మాట చెప్తే చాలు కదా."

"చెప్దామనే అనుకుంటి. నువ్వు బల్ల ముందర నిలబడితే మీ నాయన నిలబడినట్టే ఉండె. ఆ కోపం, ఆ ఏలు చూపించేది. ఊరి చెరువు కోసం ఇంత కొట్లాడేటోడు మల్లా ఎవుడొస్తాడులే అనిపించె. ఆడ నేను నోరు తెరిస్తే నీ మాట పోతాది." దారం కొరికాడు. "నాకూ కోపమొచ్చినాదిలే. నేనేం దేవదూతను కాదు. అడగనోనికి నేనెందుకు చెప్పాల అనుకుంటి. అదీ ఉండాది."

లోపలి నుంచి లూదియా కాఫీ తెచ్చింది. మామకు ఒక గ్లాసు. నాకు ఇవ్వలేదు. గడప దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చి తన గ్లాసు నా ముందు పెట్టింది. "చక్కెర తక్కువుంటాది. తాగు."

జూన్ 22, ఆదివారం

ఓడిపోయాను.

వరండాలో లేచి నిలబడి మొత్తం చెప్పాను. తేదీలు తప్పు. సముద్రానివి తెచ్చి చెరువు మీద పెట్టాను. చేపలు గుంతల్లో చస్తుంటే మనల్ని కూర్చోబెట్టాను, గుడ్లతో వస్తుంటే మన చేత పట్టించాను. మామ ఆ రోజు అమ్ముకోవడానికి పట్టలేదు, బతికించడానికి పట్టాడు. కడవ తన్నినదీ చెప్పాను. చివరికి అడిగాను. ఆగస్టు నెలాఖరు దాకా ఆపుదాం, గుడ్లు పెట్టనిద్దాం.

ఇంకెవరూ అరవకముందే జీవమ్మ పిన్ని లేచింది.

"రెండు నెలలు గంజి తాగి కూర్చుంటిమి నీ మాట మీద. ఇప్పుడు చెరువు నిండినాక మళ్లా ఆపమంటావా? నీ కాయితానికి ఆకలుండదు, మాకుండాది!"

మొదటిసారి నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నిజం.

ఆపాలన్నవాళ్లు పన్నెండు మంది. వద్దన్నవాళ్లు పద్దెనిమిది.

మామ కార్డును ఫైల్లోంచి తీసి ఆయన చేతికిచ్చాను. దానికి మాత్రం అందరూ చేతులెత్తారు, జీవమ్మ పిన్ని రెండు చేతులూ ఎత్తింది. తర్వాత నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఏడాది. రూలు ఒకటే కదా, గుంతల్లో చేపలను చంపినవాడిని నేను. ఎవరో వద్దన్నారు. మామ వద్దనలేదు. అది నాకు నచ్చింది.

జూన్ 24

ఇంతియాజ్ అన్న ఇంటి ముందు ఆటో ఆపి హారన్ కొట్టాడు.

"ఏమప్పా సముద్రం, ఏం మందు పెట్టినావు వీళ్లకు? నిన్నా ఇంతే, ఈ పొద్దూ ఇంతే. సగం పెట్టెలు ఖాళీ!"

"చేపలు పడలేదేమో అన్నా."

"పడకేం! వలలు బరువుగానే లేస్తాండాయి, నేను కండ్లతో చూసినా. లేసినాక పొట్ట ఉబ్బినవాటిని చూసి చూసి నీళ్లలో ఇసిరేస్తాండారు. మొన్న నిన్ను తిట్టినాది సూడు, ఆ జీవమ్మ, ఆమె తెచ్చింది నాలుగు కిలోలు. ఏమ్మా ఇంతేనా అంటే, కోయనీకె నాకు చెయ్యి రాలేదు, నువ్వు కోస్తావా అని నన్నే గదమాయిస్తాది!"

"అందరూ వదులుతున్నారా?"

"అందరూ యాడ? కొందరు. ఆ కొందరితోనే నా యాపారం మునిగినాది." ఆటో ఎక్కి, స్టార్టు చేసి, మళ్లీ తల బయటికి పెట్టాడు. "నవ్వుతాండావా? నవ్వప్పా, నవ్వు. నంద్యాలలో కొరమీనడిగినోళ్లను నీ కాడికే పంపిస్తా."

జూన్ 27

సాయంత్రం మామ కబురు పెట్టాడు. రేపు తెల్లారి పుట్టి కాడికి రమ్మని.

"నాకు కార్డు లేదు కదా" అని అడగమన్నాను.

లూదియా వెళ్లి అడిగి వచ్చింది. కబురు మోసే పని ఆమె ఎందుకు పెట్టుకుందో తెలియదు. నవ్వు ఆపుకుంటోంది. "కార్డు లేనోడు వల ముట్టగూడదంట. తెడ్డు ముట్టుకోవచ్చంట. కత్తెర ముట్టుకోవచ్చంట."

జూన్ 28

మామ బోర్లించిన పుట్టిని ఇద్దరం తిప్పాం. కింద గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది, గుండ్రంగా, పది వారాల గుర్తు. మామ ఒకసారి దాన్ని చూసి నా వైపు చూశాడు.

తెడ్డు నేనే తిప్పాను. ఆయన ముందు కూర్చుని వల వేశాడు. వాగు నోటికి దూరంగా, పెద్ద మడుగు మీద. గుడ్లున్నవి పడితే పొట్ట తడిమి చూసి అలాగే జారవిడిచాడు. అవి లెక్కలోకి రావట.

"అవి దేవునికి ఇచ్చేవి కాదురా. అవి చెరువువే. మనకు పడినవాటిలోనే పదోది."

"ఎన్నయ్యాయి మామా?"

"నన్నడుగుతావేం? లెక్కపెట్టేది నీ పని."

అడగడం నేర్చుకుంటున్నాను కదా, ఇంకొకటి అడిగాను. వచ్చే ఏడు ఎప్పుడు ఆపాలి? మామ నల్లమల వైపు చూశాడు. తొలి ఉరుము విన్న పొద్దు ఆపాలన్నాడు. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి, తల్లిని వదిలి, ఎవరి దారిన అవి పోయే దాకా. అది ఒక్కో ఏడు ఒక్కో తేదీన వస్తుంది. ఎండాకాలంలో మాత్రం పట్టవచ్చు, గుంతలు ఎండకముందు అందరూ కడవలు తెచ్చుకోవాలి. ఇంటికి రాగానే అంతా రాసిపెట్టుకున్నాను. గీతలు గీయలేదు.

తొమ్మిదో చేప బుట్టలో పడింది. వల మళ్లీ లేచింది. మూర కంటే పొడవున్న కొరమీను, నల్లగా నిగనిగలాడుతూ. ఇంత పెద్దది ఈ ఏడు నేను చూడలేదు. ఇంతియాజ్ అన్న చూస్తే ఏడుస్తాడు.

పదోది.

మామ దాన్ని తడిగుడ్డలో పట్టుకుని నా ఒళ్లోకి జరిపాడు. కత్తెర ఇచ్చాడు. అత్త బట్టలు కుట్టే కత్తెర, పిడికి గుడ్డ చుట్టి ఉంది. తోక ఎక్కడ కోయాలో వేలితో చూపించాడు. కత్తెర తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. అప్పుడు ఆయన పుట్టిలో వెనక్కి జరిగి, నా వెనక కూర్చుని, నా చేతుల మీద చేతులు వేశాడు.

చిన్న గాటు. మూడు మూలలు. చేపకు తెలియను కూడా తెలియలేదు.

నీళ్లలో పెట్టి చేతులు తెరిచాను. వెంటనే పోలేదు. నా అరచేతుల మీదే ఒక్క క్షణం నిలబడి, మొప్పలు ఆడించి, తర్వాత కిందికి పోయింది.

కట్ట మీద నుంచి ఎవరో పిలిచారు. బడికి పోయే చీరలో లూదియా, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని.

"ఎన్నోది బావా?"

"పదోది!" అని అరిచాను. చెరువంతా వినపడింది. ఈ ఏడాది నేను అరిచిన అరుపుల్లో దీనికొక్కదానికే సిగ్గుపడడం లేదు.